ఐదు వేళ్ల తాబేలు

నాగర్‌కర్నూల్,
10 జనవరి 1988.

తాజూ,

నువ్వు ఇద్దత్‌లో కూర్చున్న మనిషివి. కరీం అన్న పోయి రెండు నెలలైంది. మొగుడు పోయాక మీవాళ్ల ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఆ ఇంట్లో ఎట్లా ఉన్నావో రోజూ తలుచుకుంటూనే ఉన్నాను. ఇట్లాంటప్పుడు నా గోడు నీ నెత్తిన వేయొద్దనే ఇన్నాళ్లూ రాయలేదు. ఇంక దాచుకునే శక్తి లేదు.

మా కమల కుడి చెయ్యి కాలింది. కరీం అన్న పోయినప్పుడు మీ ఇంటికొచ్చాం కదా, తిరిగొచ్చిన కొద్ది రోజులకే. మా ఆయన కుట్టు దుకాణంలో బొగ్గుల ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఎవరికో కొలతలు తీస్తున్నాడు. అది ఆడుకుంటూ తూలింది. పడకుండా ఆపుకోవడానికి చెయ్యి చాపింది. అరచెయ్యి మొత్తం పెట్టెకు అతుక్కుంది. ఆరేళ్ల పిల్ల.

పుండు మానింది. మానిందని సంతోషపడేలోపే ఇంకో పీడ మొదలైంది. కొత్తగా వచ్చిన చర్మం ముడుచుకుంటూ వేళ్లను లోపలికి లాక్కుంటోంది. చెయ్యి ఎప్పుడూ పిడికిలి పట్టినట్టే ఉంటుంది. వనపర్తిలో ఒక డాక్టరుకు చూపించాం. "మచ్చ ఇంకా మెత్తగనే ఉంది. ఎండాకాలం దాటేలోపల వేళ్లు సాపు కావాలె. గట్టిపడ్డదంటే కోసుడే, కోసినా నేను మాటియ్యలేను" అన్నాడు. రోజూ పొద్దున నూనె రాసి ఒక్కొక్క వేలూ బయటికి గుంజమన్నాడు. నేనే గుంజుతున్నాను తాజూ. దాని అరుపు మొదలు కాగానే మా ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోతాడు. పెట్టె అక్కడ పెట్టింది తనే కదా, వినలేడు.

ఏదైనా ఆడుకుంటే వేళ్లు కదులుతాయని కూడా డాక్టరు చెప్పాడు. ఇదేమో ఆ చేతిని లంగాలో దాచుకుని తిరుగుతోంది. కరీం అన్న చేసిన కదిలే బొమ్మలు ఏవైనా మిగిలి ఉంటే ఒక్కటి పంపు. నాకు వేరే దారి తోచడం లేదు.

నీ
చంద్రకళ

గద్వాల,
17 జనవరి.

చంద్రీ,

నీకు బుద్ధి లేదు. పిల్ల చెయ్యి కాలితే రెండు నెలలు దాచిపెడతావా? నేను ఇంట్లో కూర్చున్నాను గానీ చచ్చిపోలేదు.

ఆయన మల్దకల్ జాతర కోసం చేసిన బొమ్మల పెట్టె అట్లాగే మూత వేసి ఉంది. జాతరకు ముందే కామెర్లు ఆయన్ని తీసుకుపోయాయి. ఆ పెట్టె తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్త సకీనాబీ లేచి వెళ్లి తనే మూత తీసింది. "నా కొడుకు చేతులు మట్టిల కలిసినయి. ఆ పిల్ల చెయ్యన్న నిలబడాలె. గుర్రం పంపు" అంది.

పొట్ట కింద తాడు వేలాడుతుంది చూడు. దాన్ని గుంజితే గుర్రం తల ఊపుతుంది, తోక లేస్తుంది. మా తమ్ముడు రజాక్ వనపర్తి సంతకు వస్తున్నాడు. గుడ్డ కొనడానికి మీ ఆయన, నర్సింహ బావ, అక్కడికి వస్తాడు కదా, తీసుకొమ్మను.

ఇంకో మాట. కట్టెను తిప్పి చెక్కే ఆయన ఖరాదును మళ్లీ నడిపిస్తున్నాను. మా అత్త తాడు లాగుతూ కర్రను తిప్పుతుంది, నేను ఉలి పడతాను. ఆయన ఉన్నన్నాళ్లూ నేను లక్క రంగు పూసి తాళ్లు కట్టేదాన్నే గానీ ఉలి ముట్టుకోలేదు. కట్టె వంకర పోతే ముసలామె నన్ను తిడుతుంది. ఆ తిట్లు వింటుంటే బతికే ఉన్నామనిపిస్తుంది. ఉగాది దాకా నేను రాలేను. అప్పటిదాకా నా బదులు బొమ్మలొస్తాయి.

తాజ్‌బీ

నాగర్‌కర్నూల్,
2 ఫిబ్రవరి.

తాజూ,

గుర్రం అందింది. ఎంత ముద్దుగా ఉందో! కమల దాన్ని వదలడం లేదు. పొద్దున లేస్తే గుర్రమే, పడుకుంటే గుర్రమే. తాడు గుంజి గుంజి నవ్వుతుంది. వీధిలో పిల్లలంతా మా గుమ్మం ముందే.

వేళ్లు కొంచెం నయం. నువ్వు బెంగ పెట్టుకోకు. ఇంకేమీ పంపకు, నీకు శ్రమ. నీ దుఃఖమే నీకు చాలు.

చంద్రకళ

గద్వాల,
15 ఫిబ్రవరి.

చంద్రీ,

నీ ఉత్తరం మా అత్తకు మూడుసార్లు చదివి వినిపించాను. ముసలామె కళ్లు తుడుచుకుని, "ఇంకోటి చెయ్యి, ఇంకోటి చెయ్యి" అంటూ ఖరాదు దగ్గరికి తరిమింది. పంపకు అంటే ఎవరు వింటారు? ఆయన పోయిన తర్వాత ఈ ఇంట్లో ఎవరైనా సంతోషంగా ఒక పని చేశారంటే అది ఇదే.

కోతిని పంపుతున్నాను. తాడు గుంజితే రెండు చేతులూ పైకెత్తి కొమ్మ ఎక్కుతుంది. దాని తోడుగా ఎలుగుబంటి, తాడు గుంజితే డోలు కొడుతుంది. గుర్రం తాడు కంటే వీటి తాళ్లకు బిగువు ఎక్కువ పెట్టాను. వేళ్లకు బలం రావాలి కదా. మొదట ఏడుస్తుంది, ఏడవనీ. నువ్వు మెత్తబడకు.

నర్సింహ బావను అడిగానని చెప్పు. ఆ ఇస్త్రీ పెట్టెను తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదని కూడా చెప్పు.

తాజ్‌బీ

నాగర్‌కర్నూల్,
4 మార్చి.

తాజూ,

కోతి, ఎలుగుబంటి చేరాయి. కమలకు చాలా నచ్చాయి.

గుర్రం చెవి విరిగింది, ఆటలో పడేసింది. బాగు చేయగలవేమోనని పంపుతున్నాను. తొందరేమీ లేదు. ఇక్కడ అంతా బాగానే ఉంది.

చంద్రకళ

గద్వాల,
12 మార్చి.

చంద్రకళా,

గుర్రాన్ని చేతిలోకి తీసుకోగానే నాకు అర్థమైంది. ఎవరికి చెబుతున్నావు కథలు?

ఆ తాడు ఆయన కట్టింది. పిల్లలు ఒక్క వారం గుంజితే చాలు, చేతి మురికికి తాడు నల్లబడుతుంది, ముడి బిగుసుకుని గోరుతో కూడా రాదు. జాతరలో అమ్మిన బొమ్మలు మళ్లీ బాగు చేయించుకోవడానికి ఎన్ని రాలేదు మా ఇంటికి! ఈ తాడు పెట్టెలోంచి తీసినప్పుడు ఎట్లా తెల్లగా ఉందో అట్లాగే ఉంది. ముడి నా వేలు తగలగానే ఊడింది. ఈ గుర్రాన్ని ఎవరూ ఒక్కసారి కూడా ఆడించలేదు.

పొద్దున లేస్తే గుర్రమే అని రాశావు. అది నమ్మి మా అత్త ఈ వయసులో చేతులు పొక్కులెక్కేదాకా తాడు లాగింది. నేను నవ్వుకుంటూ కోతికి రంగులేశాను. మేం సంతోషపడాలని అబద్ధం రాశావా? మా సంతోషం ఎవడికి కావాలి? పిల్ల వేళ్లు కావాలి! డాక్టరు ఎండాకాలం దాకానే గడువిచ్చాడని నువ్వే రాశావు. అందులో ఎన్ని రోజులు తగలబెట్టావో నీకు తెలుస్తుందా? మొదటి రోజే తాడు ముట్టుకోవట్లేదని రాసి ఉంటే నేను ఇంకో మార్గం చూసేదాన్ని కదా.

నిజం రాయి. రాయలేకపోతే ఉత్తరమే రాయకు.

తాజ్‌బీ

నాగర్‌కర్నూల్,
20 మార్చి.

తాజ్‌బీ,

నిజం కావాలా, తీసుకో.

అది నీ బొమ్మల్ని ముట్టుకోదు. రజాక్ తమ్ముడు ఇచ్చిన మూట ఇంట్లోకి రాగానే పోయి కుట్టు మిషన్ కింద దాక్కుంటుంది. బతిమాలాను, బెల్లం పెట్టాను, కొట్టాను కూడా. కాలిన చేతిని పట్టుకుని బలవంతంగా తాడు మీద పెట్టాను. అది చూడలేక మా ఆయన గుర్రాన్ని లాక్కుని గోడకేసి కొట్టాడు. చెవి విరిగింది అప్పుడే. "ఆడివిల్ల, ఎడమ చేత్తోని బతుకుతది. ఇడిసిపెట్టు దాన్ని, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. నా మొగుడు నా కాళ్ల మీద పడబోయాడు తాజూ, పిల్ల చూస్తుండగా.

వేళ్లు నయం కాలేదు. ఇంకా లోపలికి పోయాయి. గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. డాక్టరు మొన్న చూసి తల అడ్డంగా ఊపాడు.

ఇంట్లో శవం లేచిన మనిషికి ఇవన్నీ ఎట్లా రాయమంటావు? ఎముక విరుస్తున్నట్టు అది అరుస్తుంటే రోజూ గుంజేది నేను. కడుపున పిల్లలు లేనిదానివి, తాడు తెల్లగా ఉందో నల్లగా ఉందో చూసి నన్ను నిలదీస్తావా? నీ ఇద్దత్ గడువు అయిపోయింది కదా. వచ్చి నువ్వే గుంజు దాని వేళ్లు. చూద్దాం ఎన్ని రోజులు గుంజుతావో.

చంద్రకళ

గద్వాల,
2 ఏప్రిల్.

చంద్రీ,

కార్డు ముక్కే రాస్తున్నాను. పిల్లలు లేనిదానివి అన్నావు. అది నాకు కొత్త సంగతేం కాదు, పక్కన పెడదాం. నీ మీద అరిచినందుకు మా అత్త నన్ను అన్నం దగ్గర కడిగేసింది. చివరికి ఒకటే అడిగింది, "తాడు ఎందుకు ముట్టదో పిల్లను అడిగినరా ఎవరన్న?"

నేను అడగలేదు. నువ్వు అడిగావా?

తాజ్‌బీ

నాగర్‌కర్నూల్,
11 ఏప్రిల్.

తాజూ,

అడగలేదు. నీ కార్డు వచ్చిందాకా ఆ ఆలోచనే రాలేదు నాకు. మొండితనమనే అనుకున్నాను.

నిన్న వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తున్నాం. అది ఎడమ చేత్తో, పళ్లతో ఒలుస్తోంది. కోపం లేకుండా మెల్లగా అడిగాను.

"కోతి తాడు ఎందుకు గుంజవే?"

"దానికి నొస్తది."

"కట్టె బొమ్మకు నొప్పేందే?"

"గుంజితె నొస్తది. నువ్వు పొద్దుగాల గుంజితె నాకు నొస్తలేదా? తాడు గుంజితె దాని చేతులు గిట్ల లేస్తయి. అది గూడ ఒర్లుతుండొచ్చు. మనకు ఇనవడది."

పల్లికాయలు అక్కడే వదిలేసి లోపలికి పోయాను. తర్వాత మిషన్ కింద చూశాను. కోతి, ఎలుగుబంటి అక్కడే ఉన్నాయి. వాళ్ల నాయన కత్తిరించి పారేసిన గుడ్డ పీలికలతో కోతి రెండు చేతులకూ కట్లు కట్టింది. ఎడమ చేత్తో కట్టిన కట్లు, వదులుగా. వాటికి నూనె కూడా రాసింది.

ఏం చేయమంటావు? గుంజకపోతే చెయ్యి పోతుంది. గుంజితే అది నన్నెట్లా చూస్తుందో నేను రాయలేను. ఎండలు ముదిరాయి. ఇంకెన్ని రోజులున్నాయి మనకు? దేవుడి ముందు కూడా నాకు మాట రావడం లేదు. బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కుకోవడానికి నోరు తెరిస్తే ఏడుపే వస్తోంది.

చంద్రకళ

గద్వాల,
24 ఏప్రిల్.

చంద్రీ,

నీ ఉత్తరం చదివి ఆ రోజంతా ఖరాదు ముట్టుకోలేదు. ఆయన చేసిన ప్రతి బొమ్మకూ తాడే. గుర్రమైనా, కోతైనా, నెమలైనా, కింద తాడు, పైన కదలిక. నాకు ఆయన నేర్పింది అదొక్కటే. గుంజడం తప్ప కట్టెను కదిలించే దారి ఇంకోటి ఉందని నేను ఎన్నడూ అనుకోలేదు. పైగా తాడు గుంజాలంటే వేళ్లు మూయాలి. మనకు కావలసింది తెరవడం. ఆ మాత్రం కూడా నా బుర్రకు తట్టలేదు చూడు.

మీ నాయన బాలకిష్టయ్య మామ మగ్గం కింద గుంట గుర్తుందా? మనిద్దరం అందులో దిగి తిట్లు తినేవాళ్లం. కాలితో చెక్కను తొక్కితే పైన దారాల వరస లేచేది. కింద నొక్కుడు, పైన లేవడం. మా నాయన ఆ మగ్గాలకు దారం చుట్టే కండెలు చేసి ఇచ్చేవాడు కాబట్టి నేను ఎప్పుడూ మీ ఇంట్లోనే. నిన్నంతా అదే గుంట నా కళ్ల ముందు.

తాబేలును చేస్తున్నాను. తల, కాళ్లు డొప్ప లోపల ముడుచుకుని ఉంటాయి. డొప్ప మీద ఐదు బిళ్లలు, ఒక్కో వేలికి ఒకటి. నడిమి వేలు ఆనితే తల వస్తుంది. దాని రెండు పక్కల వేళ్లకు ముందు కాళ్లు. బొటనవేలికి, చిటికెన వేలికి వెనక కాళ్లు. వెనక్కి పోవడానికి లోపల సైకిల్ ట్యూబు ముక్కలు వేస్తున్నాను. ఎవరూ దాన్ని గుంజరు. చెయ్యి పెడితే అదే బయటికొస్తుంది.

బిళ్లలు సరిగ్గా పిల్ల వేళ్ల కింద ఉండాలి. దాని ఎడమ చేతిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి పంపు. కాగితం తిరగేసుకుంటే నాకు కుడి చెయ్యి దొరుకుతుంది.

రంజాన్ ఉపవాసాలు, రోజాలతో ఉన్నాను. పొద్దంతా నీళ్లు కూడా లేకుండా ఉలి పడుతున్నాను. మా అత్త ఒకటే మాట, "ఆగకు."

తాజ్‌బీ

నాగర్‌కర్నూల్,
30 ఏప్రిల్.

తాజూ,

కాగితం పెట్టాను. చెయ్యి గీస్తుంటే కదలకుండా కూర్చుంది. గీసిన తర్వాత కాగితాన్ని చాలాసేపు చూసి, "నా రెండో చెయ్యి గూడ గిట్లనే ఉంటుండెనా?" అంది.

తొందరగా చెయ్యి తాజూ.

చంద్రకళ

గద్వాల,
14 మే.

చంద్రీ,

రజాక్ చేతికి ఇస్తున్నాను. రెండు పాడు చేశాక వచ్చిన మూడోది ఇది. మొదటిదానికి ట్యూబు బిగువెక్కువై నా వేలికే లొంగలేదు. దీనికి పిచ్చుక వాలినంత బరువు చాలు.

నువ్వు పక్కన కూర్చుని నేర్పకు. నొక్కు అనే మాట అనకు. తాబేలు భయపడి లోపల కూర్చుందని మాత్రం చెప్పి నీ పని నువ్వు చూసుకో. మీ ఆయన్ని కూడా బయటికి పోవద్దను.

తాజ్‌బీ

నాగర్‌కర్నూల్,
27 మే.

తాజూ,

ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మంచైనా చెడైనా.

మొదటి రోజు దూరం నుంచే చూసింది. "లోపల ఉందా?" అంది. ఉందన్నాను. "ఎందుకు భయపడ్డది?" అంది. నాకు తెలియదన్నాను. మర్నాడు ఎడమ చెయ్యి పెట్టి చూసింది. ఆ బిళ్లలు కుడి చేతికి చేసినవి కదా, కుదరలేదు. వాళ్ల నాయన మిషన్ ఆపేసి చూస్తున్నాడు. నేను రొట్టె కాలుస్తున్నానన్న పేరే గానీ పెనం మీద రొట్టె మాడిపోయింది. లంగాలోంచి ఆ చెయ్యి తీసింది తాజూ. ఎవరూ అడగకుండా. బొటనవేలు ఒక్కటే ఆనింది. వెనక కాలు ఒకటి బయటికొచ్చింది.

"నాయినా, కాలు!" అని అరిచింది. ఆయన అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు.

నొప్పి ఏం పోలేదు. రోజూ ఏడుస్తూనే చెయ్యి పెడుతుంది. ముక్కు కారుతుంటుంది, పెదవి కొరుక్కుంటుంది, చెయ్యి మాత్రం తీయదు. నేను గుంజడం మానేశాను. నూనె రాసి ఇస్తాను, అంతే. చూపుడు వేలు వచ్చింది. నడిమి వేలు ఆనిన రోజు తాబేలు తల బయటికొస్తే ఊళ్లో అందరికీ చూపించింది. ఉంగరం వేలు సగంలో ఉంది. చిటికెన వేలు మాత్రం రాయిలా ఉంది, కదలదు. వానలు మొదలయ్యేలా ఉన్నాయి. నాకు భయంగా ఉంది.

నువ్వు రా. నీ గడువు రంజాన్‌కు ముందే అయిపోయింది. రోజాలని రాశావు, సరే అనుకున్నాను. ఈద్ కూడా అయిపోయింది. నువ్వు దాని చెయ్యి ఒక్కసారి చూస్తే ఆ చిటికెన వేలికి ఏం చేయాలో నీకే తోస్తుంది. ఎందుకు రావడం లేదు? నా మాట మీద ఇంకా కోపమా?

చంద్రకళ

గద్వాల,
4 జూన్.

చంద్రీ,

కోపం కాదు. నిన్ను నిజం రాయమని అరిచాను కాబట్టి నేనూ రాయాలి.

ఇద్దత్ ముగిసిన రోజు మా అత్త నా తల దువ్వి, కొత్త చీర ఇచ్చింది. రజాక్ రిక్షా తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. మీ ఊరి బస్సు ఎక్కించడానికే తెచ్చాడు. మూట కూడా కట్టుకున్నాను. గడప మీద ఒక కాలు పెట్టాను. రెండోది రాలేదు. వెనక్కి తిరిగి లోపలికొచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత వాడు నాలుగైదుసార్లు వచ్చాడు. చెయ్యి పట్టుకుని గుంజాడు కూడా. "అక్కా, ఎన్నొద్దులు కూసుంటవు గిట్ల? లోకం ఏమనుకుంటది?" అని. ఈద్ రోజు కూడా గుమ్మం దాటలేదు.

బయట అందరికీ తెలుసు చంద్రీ, ఆయన లేడని. నేను వీధిలోకి పోతే ఆ మాట ప్రతి ముఖంలో చూడాలి. లోపల ఉంటే అట్లా ఉండదు. ఖరాదు ఉంటుంది, ఉలి పిడి మీద ఆయన బొటనవేలి గుంట ఉంటుంది. ఆయన జాతరకు పోయాడు, రావడం ఆలస్యమైంది, అంతే అనుకోవచ్చు. గడప దాటితే ఆయన చచ్చిపోతాడు. ఉగాది దాకా ఆచారం నన్ను లోపల ఉంచింది. ఇప్పుడు ఏ ఆచారమూ లేదు. నేనే ఉన్నాను.

అందుకే నేను రాలేను. ఇంకో తాబేలు కావాలంటే చేస్తాను, ఏనుగు కావాలన్నా చేస్తాను. నన్ను మాత్రం రమ్మనకు. నువ్వు పిల్లను తిట్టినట్టు నన్నూ మొండిదాన్నని తిట్టు, పడతాను.

తాజ్‌బీ

వనపర్తి బస్టాండు,
13 జూన్.

తాజూ,

డాక్టరు దగ్గరి నుంచి ఇప్పుడే వచ్చాం. రజాక్ సంతలో కనిపించాడు, సాయంత్రం బస్సుకు గద్వాల వస్తున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను.

డాక్టరు చెయ్యి చూపించమనగానే నేను దాని మణికట్టు పట్టుకోబోయాను. అది నన్ను తోసేసి, తనంతట తనే చెయ్యి బల్ల మీద పెట్టింది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు ఆనాయి. ఉంగరం వేలు పైకే ఉంది. డాక్టరు దాన్ని నొక్కబోతే, "గుంజకు సారూ. జర సేపు ఊకో" అంది. ఆయన నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఆగాడు. దాని మెడ నరాలు తేలాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఉంగరం వేలు మెల్లగా వచ్చి బల్లను తాకింది.

చిటికెన వేలు రాలేదు. "ఇది ఇగ రాదమ్మా. గట్టిపడ్డది. నాలుగు దక్కినయి, అదే ఎక్కువ" అన్నాడు. తర్వాతెప్పుడైనా హైదరాబాదులో కోయించినా మాటివ్వలేనన్నాడు.

ఒక వేలు పోయింది తాజూ. గుర్రంతో ఆడుతోందని నేను రాసుకుంటూ కూర్చున్న రోజులకు పోయింది. ఈ మాట మా ఆయనకు చెప్పాను. ఇస్త్రీ పెట్టె తలుచుకుని ఆయన, నా ఉత్తరాలు తలుచుకుని నేను, ఇద్దరం ఆ డాక్టరు గుమ్మంలో పిచ్చివాళ్లలా నిలబడ్డాం. కమలే మా ఇద్దర్నీ బస్టాండుకు నడిపించుకొచ్చింది.

పొద్దున ఇక్కడికి వచ్చేటప్పుడు నీ ఉత్తరం బస్సులో మా ఆయనకు చదివి వినిపిస్తుంటే కమల వింది. నిద్రపోతోందనుకున్నాను.

"చిన్నమ్మ గూడ లోపల్నే ఉందా?" అంది.

ఉందన్నాను.

"రజాక్ మామ గుంజుతుండా?"

"అవునే."

"గుంజొద్దని చెప్పు. గుంజితె రాదు." మళ్లీ తనే అంది, "మనమే పోదాం."

కాబట్టి మేమే వస్తున్నాం. శుక్రవారం పొద్దున బస్సుకు. రజాక్‌కు నేను చెబుతాను, ఇంక నీ చెయ్యి పట్టుకోవద్దని. నువ్వు గుమ్మం దాకా ఎదురు రాకు, గడప వైపు చూడను కూడా చూడకు. ఖరాదు దగ్గరే కూర్చుని ఉండు, ఆయన కూర్చున్న చోటనే. కమల లోపలికొచ్చి నీ వీపు మీద చెయ్యి పెడుతుందట. నీకు బయటికి రావాలనిపించిందాకా తీయదట.

చిటికెన వేలు ఆనదు. నాలుగు వేళ్లు ఆనుతాయి.

నీ
చంద్రకళ